పండగపూట నడవని మిషన్

"రేపు మన ప్రియతమ నాయకులు, నియోజకవర్గ ఇన్‌ఛార్జి మహానందిరెడ్డి గారికి కార్మిక బంధు! కార్మిక బంధు! అందరూ పాల్గొని జయప్రదం చేయవలసిందిగా మనవి!"

ఆటోకు కట్టిన మైకులో ఓబుళేశు గొంతు కోయిలకుంట్ల బజారంతా మోగింది. మైకు పాతది. ఒత్తులంటే దానికి గిట్టదు. 'బంధు' అని ఓబుళేశు దాని నోట్లో పెడితే 'బందు' అని బయటికి ఊసింది. మరునాడు ఊళ్లో ఒక్క దుకాణం తెరవలేదు. టీ బంకు కూడా మూసేశారు. బిరుదు పుచ్చుకోవడానికి శాలువాతో సహా సిద్ధమైన మహానందిరెడ్డి ఎదురుగా కుర్చీలు మాత్రమే క్రమశిక్షణతో కూర్చుని ఉన్నాయి. అది బిరుదేగానీ బందు కాదని ఓబుళేశు మధ్యాహ్నం దాకా ఆటోలో తిరిగి ఊరికి విడమరిచాడు.

మహానందిరెడ్డి ఏమాత్రం నొచ్చుకోలేదు. "నా బిరుదుకు బందు చేసిన ఊరు రాష్ట్రంలో ఇంకోటి ఉండాదా?" అన్నారు. అవమానంలోంచి కూడా సన్మానం పిండగల నాయకుడు. అందుకే ఓబుళేశుకు ఆయనంటే ప్రాణం.

ఓబుళేశు పార్టీ కార్మిక విభాగానికి మండల కన్వీనరు. అతను చేసే పని నినాదం. చెయ్యెత్తి "మహానందన్నా!" అంటాడు, జనం "జిందాబాద్!" అంటారు. పదేళ్లుగా ఊరిని అలా తయారు చేశాడు. వేదిక మీంచి ఏ పేరు వినబడినా ఆ ఊరి నోటికి జిందాబాద్ దానంతటదే వచ్చేస్తుంది. ఒకసారి తప్పిపోయిన ఎద్దు గురించి మైకులో చెబితే దానిక్కూడా వచ్చింది.

అన్నకు కార్మికులంటే ఎంత ప్రేమో చెప్పాలంటే గోపన్న సంగతి చెప్పాలి. గోపన్న అన్నగారి బండల పాలిష్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ నడిపేవాడు. ఓబుళేశు ఇంటికీ అతని ఇంటికీ మధ్య ఒకటే గోడ. కిందటేడు దసరా నాడు ఊరి బయట కార్మిక భవన్‌కు శంకుస్థాపన పెట్టుకున్నారు. ముందురోజు, అంటే ఆయుధ పూజ నాడు పొద్దున, శిలాఫలకం చూసి అన్న మండిపడ్డారు. అందులో ఆయన పేరు కంటే ఎంపీగారి పేరు పెద్దది. వెంటనే దాన్ని పగలగొట్టించి, సాయంత్రానికి కొత్త బండ కావాలన్నారు. పండగపూట మిషన్ నడిచింది. బండ తెగింది. దానితోపాటు గోపన్న కుడిచేతి వేళ్లు మూడు తెగాయి. మరునాడు ముహూర్తానికి శిలాఫలకం ఠంచనుగా నిలబడింది. అడుగున 'మహానందిరెడ్డి గారి సొంత ఫ్యాక్టరీలో తయారైనది' అని చెక్కించారు. గోపన్న ఆ సమయానికి కర్నూలు ఆస్పత్రిలో ఉండటం వల్ల చూడలేకపోయాడు.

గోపన్న పరిహారానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ కేసులు తేల్చే అధికారి ముందు ఫ్యాక్టరీ తరఫున సాక్ష్యం చెప్పే మహద్భాగ్యం ఓబుళేశుకు దక్కింది. మార్కెట్ యార్డులో డైరెక్టరు పదవి తనకోసం ఎదురుచూస్తున్నదని ఆ పొద్దే అన్న చెవిలో వేశారు కూడా.

"ఆ రోజు మిషన్ నడిచిందా?" అని అధికారి అడిగాడు.

"ఎట్ల నడుస్తాది సార్? ఆయుధ పూజ గదా! పసుపు పూసి, కుంకుమ పెట్టి, దండేసి, నిమ్మకాయలు కట్టినాం. ఆ పొద్దు మిషన్‌ను ఎవరన్నా పనికి ముట్టుకుంటారా సార్?"

అధికారి తన బల్ల మీది కంప్యూటరు వైపు చూశాడు. దాని నుదుట నిరుటి కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు. నిజమే అన్నట్టు తలాడించాడు.

"మరి గోపన్న ఎందుకు వచ్చాడు?"

"భక్తితో సార్. మిషన్‌కు మొక్కుకోనీకి."

"వేళ్లెలా పోయాయి?"

"దండం శానా గట్టిగా పెట్టినాడు సార్."

ఆ రోజు మిషన్ తిరగలేదని, గోపన్న అక్కడికి కార్మికుడిగా కాక భక్తుడిగా వచ్చాడని, భక్తికి పరిహారం ఇచ్చే సెక్షన్ చట్టంలో లేదని ఉత్తర్వు వచ్చింది. వేళ్లు పోయినవాడికి వేలు కూడా రాలేదు.

వారం తర్వాత తిరుపతమ్మ గోడ మీదుగా పిలిచింది. గోపన్న భార్య. తిడుతుందనుకుని ఓబుళేశు భుజం మీది కండువా సర్దుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"ఓబుళేసన్నా, ఆ పొద్దు మిషన్ తిరగలేదని చెప్తివంట గదా."

"పండగ గదమ్మా."

"అవును, పండగే. అయితే తెల్లారి కార్మిక భవన్ కాడ నిలబెట్టిరి గదా బండ, అది యాడిదన్నా?"

"యాడిదేంది? మన అన్న ఫ్యాక్టరీదే!"

"ముందు బండను పగలగొట్టిచ్చింది పండగ పొద్దున. కొత్తది నిలబెట్టింది తెల్లారి. నడాన మిషన్ తిరగలే అంటివి. మరి బండను ఎవరు కోసిరి? నాకు తెలీక అడుగుతాండా."

"హైకోర్టుకు పోతాండారంట గదా, ఆడ అడగండి పో!"

"ఆడా అడుగుతాం. కర్నూల్లో హరితమ్మ లాయరు అప్పీలు రాస్తాండాది. మీ ఉత్తర్వును ముందర పెట్టుకుని ఆయమ్మే అడిగింది ఈ మాట. నువ్వు దగ్గర మనిషివి గదా, తెలిసుంటాదని అడిగితి."

ఓబుళేశుకు నిజంగానే తెలియాలనిపించింది. టీ బంకు దగ్గరికి పోయి నలుగురిని అడిగాడు. ఆ నలుగురూ ఇంకో నలుగురిని అడిగారు. రెండో టీ చల్లారకముందే ప్రశ్న నాగసుబ్బయ్య దుకాణం చేరింది.

నాగసుబ్బయ్యది ఎదుటి పార్టీ. ఎరువుల దుకాణం, దాని వెనక బండల డిపో ఉన్నాయి. సాయంత్రమే విలేకరులను పిలిచి బజ్జీలు పెట్టి చెప్పాడు. "సాక్షాత్తూ అధికారి ఉత్తర్వులోనే ఉండాది, ఆ పొద్దు ఆయప్ప మిషన్ తిరగలేదని. మరి బండ ఆకాశంలోంచి పడిందా? మా డిపోది! ఎరువు తెచ్చుకున్న బండ మీద సొంత ఫ్యాక్టరీ అని రాసుకున్నాడు. ఎరువు సంగతి నాకు కాక ఇంకెవరికి తెలుస్తాది?"

మర్నాడు పేపర్లో 'ఎరువు బండ' అని శీర్షిక వచ్చింది.

మహానందిరెడ్డి జీవితంలో ఎన్నో నిందలు మోశారు. ఇసుక నింద, భూమి నింద, ఓటుకు చీరల నింద. అన్నిటినీ చిరునవ్వుతో మోశారు. బండ నింద మాత్రం మోయలేకపోయారు. కడప నుంచి ఆయన లాయరు ఫోన్ చేసి మొత్తుకున్నాడు.

"అన్నా, ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. గోపన్న అప్పీలు హైకోర్టుకు పోతాండాది."

"కోర్టుకు అప్పీలు పోతే నువ్వు చూసుకో. నేను మాట్లాడేది ప్రజల కోర్టులో!"

"ఏం మాట్లాడినా పరిహారం కట్టాల్సొస్తాది అన్నా!"

"పరిహారం పోతే కట్టుకుంటాం లేప్పా, పరువు పోతే ఎవరు కడతారు? ఓబుళేసూ, టీవీలోళ్లను పిలువు!"

ప్రెస్ మీట్ శిలాఫలకం ముందే పెట్టారు. పక్కన భవనమేదీ అడ్డం లేకపోవడంతో బండ అన్ని కెమెరాల్లోనూ చక్కగా పడింది. అన్న దాని మీద చెయ్యి వేసి గర్జించారు.

"నా మిషన్ తిరిగింది! పండగ పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా తిరిగింది! దండ తీసి పక్కన పెట్టింది నేనే! నడిపినోడు ఎవరనుకుంటాండారు? మా గోపన్న! 'పండగన్నా, వద్దన్నా' అన్నాడు. 'నేనుండా గదా, కానీరా' అన్యా. దగ్గర నిలబడి కోయిచ్చినా. వానికి మూడు వేళ్లు పోయినా బండ అంచు ఇంత కూడా వంకర పోలే! కావాలంటే స్కేలు పెట్టి చూసుకోండి! ఇట్ల కోసే మొగోడు నాగసుబ్బయ్య డిపోలో ఒకడుంటే చూపీయమనండి!"

ఓబుళేశు చెయ్యెత్తాడు. "మహానందన్నా!"

"జిందాబాద్!"

తాను ప్రమాణం చేసి చెప్పినదీ, అన్న ఇప్పుడు చెప్పినదీ ఒకదానికొకటి పొసగడం లేదని ఇంటికి పోతూ ఉండగా ఓబుళేశుకు ఒక చిన్న అనుమానం పొడసూపింది. కాసేపటికి సర్దుకున్నాడు. తన మాటా నిజమే, అన్న మాటా నిజమే, సందర్భాలే వేరు.

హరిత ఆ వీడియోను అమరావతిలో హైకోర్టు ముందు అదనపు సాక్ష్యంగా పెట్టింది. యజమాని స్వయంగా ఒప్పుకున్నాక ఉత్తర్వు ఎలా నిలుస్తుందని అడిగింది. అన్న లాయరు లేచి, రాజకీయ నాయకులు విలేకరుల ముందు చెప్పేవాటిని సత్యాలుగా తీసుకోకూడదని ఎంతో గంభీరంగా వాదించాడు.

జడ్జిగారు శ్రద్ధగా విన్నారు. "ఆ మాటే మీ క్లయింటు చేత అఫిడవిట్‌గా ఇప్పించండి. ప్రెస్ మీట్‌లో తాను చెప్పింది అబద్ధమని, బండ తన ఫ్యాక్టరీలో కోసింది కాదని సంతకం పెడితే పరిశీలిస్తాం" అన్నారు.

లాయరు కాగితం పట్టుకుని కోయిలకుంట్లకు పరిగెత్తుకొచ్చాడు. అన్న చదివి విసిరికొట్టారు.

"బండ నాది కాదని నేనే సంతకం పెట్టాల్నా? నాగసుబ్బయ్య దాన్ని ఫ్లెక్సీ కొట్టించి బస్టాండులో కట్టడూ? తీసుకుపో నీ కాగితం!"

సంతకం పడలేదు. పాత ఉత్తర్వు కొట్టుడుపోయింది. పండగైనా పనే, పనిలో పోయిన వేళ్లకు వడ్డీతో సహా పరిహారం జమ చేయాల్సిందేనని తీర్పు వచ్చింది.

ఆ సాయంత్రం ఓబుళేశు బిక్కుబిక్కుమంటూ అన్న ఇంటికి పోయాడు. అన్న కుంగిపోయి ఉంటారనుకున్నాడు. అన్న మైకుసెట్టు వాడితో మాట్లాడుతున్నారు.

"ఏమప్పా ఓబుళేసూ, అట్ల చూస్తాండావు? గెలిచినాం! సొంత ఫ్యాక్టరీ మీద సొంత కార్మికున్ని గెలిపిచ్చిన నాయకుడు దేశంలో ఇంకోడుండాడా? ఆదివారం విజయోత్సవం!"

ఓబుళేశు కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషిని అనుమానించినందుకు తనను తాను తిట్టుకున్నాడు.

ఆదివారం మైదానం నిండింది. వేదిక మీద 'కోసిన చేతికి చెక్కు' అని ఫ్లెక్సీ. దాని కింద మంచమంత అట్టచెక్కు. అసలు డబ్బు గోపన్న ఖాతాలో పడిందని తిరుపతమ్మ బ్యాంకుకు పోయి తేల్చుకొని వచ్చాకే అతన్ని మెట్లెక్కనిచ్చింది. గోపన్న ఎడమచేత్తో అట్టను పట్టుకున్నాడు. "బరువుండాదా?" అని కింది నుంచి తిరుపతమ్మ అడిగింది.

"లేదు, గాలికి పోతాండాది" అన్నాడు.

అన్న మైకు తీసుకున్నారు. ఇంతలో ఒక విలేకరి లేచాడు.

"సార్, మరి మిషన్ తిరగలేదని, గోపన్న భక్తుడని మొదట చెప్పిందెవరు?"

అన్న తొణకలేదు.

"మంచి ప్రశ్న. ప్రజలారా, యాడ పొరపాటు జరిగిందో ఈ పొద్దు అందరికీ చెప్తా. నేను ఆ పొద్దు అన్నదేమి? 'గోపన్నకు పనంటే భక్తి' అన్యా. విన్నోడు ఏం చేసినాడు? పనిని దోవలో పారేసుకుని, భక్తిని మాత్రం మోసుకుపోయి అధికారి ముందర పెట్టినాడు! ఒక పేదోని నోటికాడి కూడు తీసినాడు! అట్లాంటోన్ని వదులుదామా?"

"వదలం! వదలం!" ఓబుళేశు చెయ్యెత్తి అరిచాడు. జనం అందుకున్నారు.

"పార్టీలో పెట్టుకుందామా?"

"పెట్టుకోం! పెట్టుకోం!"

"వాడు ఈడనే ఉండాడు. పేరు చెప్పమంటారా?"

"చెప్పాల! చెప్పాల!" ఓబుళేశు గొంతు బొంగురుపోయింది. అంత ఆవేశం అతనికి ఎప్పుడూ రాలేదు.

అన్న వేలు చాచారు.

"ఓబుళేశు!"

ఓబుళేశు చెయ్యి పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. మైదానం మొత్తం ఆ చేతిని చూసి, పదేళ్ల అలవాటు కొద్దీ, ఒక్క గొంతుతో అంది.

"జిందాబాద్!"