పిల్ల తల్లికి, పేరు తండ్రికి

కుటుంబ న్యాయస్థానం పిల్లను తల్లికీ, పిల్ల పేరును తండ్రికీ ఇచ్చింది. పేరు మార్చాలని తల్లి పట్టుబట్టింది, వదలనని తండ్రి భీష్మించాడు, కాబట్టి పంపకం తేలికైంది. బంట్రోతు పిల్లను బల్ల మీద నిలబెట్టి, నొప్పి తెలియకుండా పేరు తీసి, గుడ్డసంచిలో వేసి లక్క ముద్ర కొట్టాడు. ఆరేళ్ల పిల్ల కాసేపు మెడ తడుముకుని, "అమ్మా, చల్లగా ఉందే" అంది.

తండ్రి ఫణీంద్ర సంచిని స్కూటరు ముందు నిలబెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. పిల్లకు పెట్టిన సుభద్ర అన్నది ఫణీంద్ర వాళ్లమ్మ పేరు. బారసాలనాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసిందీ ఆయనే. తల్లి మనసులో వేరే పేరుంది గానీ, ఆవిడ అప్పుడు పక్కనే పీట మీద కూర్చుని ఉండటం వల్ల అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ పేరు పెట్టుకోవాలంటే ఇప్పుడు పిల్ల అభిప్రాయం కోర్టు స్వయంగా వినాలట. దానికి వాయిదా వేశారు.

ఈలోగా బడి తెరిచారు. తల్లి పిల్లకు జడలు వేసి తీసుకెళ్తే, హెడ్‌మిస్ట్రెస్ మర్యాదగానే మాట్లాడింది.

"పిల్ల బాగుందమ్మా. కానీ హాజరు పిలిస్తే పలికేది పేరు కదా. అది పొద్దున్నే వచ్చేసింది, వాళ్ల నాన్నగారు దింపి వెళ్లారు."

కిటికీలోంచి చూస్తే మొదటి బెంచీలో పేరు కూర్చుని ఉంది. ఇస్త్రీ యూనిఫాం, మెడలో టై. ఒక్క అల్లరి లేదట, అన్నం పారెయ్యదట, మోకాళ్లు పగలగొట్టుకోదట. పిల్లలంతా అలా ఉంటే ఎంత బాగుండునని టీచర్లు అనుకుంటున్నారట.

ఇంట్లో పిలవడం ఇంకో చిక్కు. ముద్దుపేరు అలవాటైతే అదీ పేరే అవుతుందనీ, కోర్టు ధిక్కారమవుతుందనీ వకీలు హెచ్చరించాడు. అందుకని తల్లి ఏ పూట వండిన కూర పేరుతో ఆ పూట పిలుచుకునేది. "దోసకాయా, నీళ్లు పోసుకుందువు రావే!" "గోరుచిక్కుడూ, పాలు తాగావా?" పిల్ల కొన్నాళ్లు పకపకా నవ్వింది. తరవాత్తరవాత వంటింట్లోకి తొంగిచూసి, ఈ పూట తనెవరో తెలుసుకుని వెళ్లడం నేర్చుకుంది.

వాయిదా రోజు తల్లి పిల్లకు దారి పొడుగునా నేర్పింది. "జడ్జిగారు అడిగితే భయపడకు. నీకేం కావాలో అదే చెప్పు."

"సరేనమ్మా."

కోర్టు పద్ధతి ప్రకారం ఎవరినైనా పిలిస్తేనే లోపలికి పంపుతారు. బంట్రోతు గుమ్మంలో నిలబడి గొంతెత్తాడు. "సుభద్రా! సుభద్రా! సుభద్రా!"

తల్లి వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. పిల్ల కదల్లేదు. ఎదుటి బెంచీ మీంచి పేరు లేచి, టై సవరించుకుని, లోపలికి నడిచింది.

జడ్జిగారు దయగలవారు. చాక్లెట్ ఇచ్చి, "ఎలా ఉన్నావు తల్లీ?" అన్నారు.

"హాయిగా ఉన్నానండీ."

"పేరు మార్చుకుంటావా?"

"అక్కర్లేదండీ."

పిల్ల అభిప్రాయం విన్నట్టు రాసుకుని, పిటిషన్ కొట్టేశారు. పేరు చాక్లెట్ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, ఫణీంద్ర వేలు పట్టుకుని వెళ్లిపోయింది. నిజంగానే బుద్ధిమంతురాలు.

వరండాలో తల్లి నెమ్మదిగా అడిగింది. "ఎందుకే లేవలేదు?"

"నన్ను పిలవలేదు కదమ్మా."

తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇద్దరూ మెట్లు దిగుతుంటే వెనకనుంచి గుమస్తా కేకేశాడు.

"ఫణీంద్రగారి మిసెస్! సంతకం పెట్టలేదండీ!"

విడాకులై ఏడాది దాటింది. అయినా ఆవిడ ఠక్కున వెనక్కి తిరిగి, "వస్తున్నా" అంది. పిల్ల తల్లి ముఖంలోకి చూసింది.

"అమ్మా, నీది ఎవరు తీసుకెళ్లారు?"

"సంతకం పెట్టొచ్చి చెప్తాను, ఇక్కడే ఉండు" అంటూ ఆవిడ పైకి వెళ్లింది. పెన్ను తీసుకుని, కాగితం మీద వంగి, చాలాసేపు అలాగే నిలబడింది. గుమస్తా ఏమీ అనుకోలేదు. చాలామంది ఆడవాళ్లు అక్కడ కాసేపు ఆగుతారు. వేలిముద్రల ఇంకు డబ్బా మూత తీసి ఆవిడ బొటనవేలి వైపు జరిపాడు.