ఎనిమిదో నంబరు దండ

ఆదివారం పొద్దున్నే దాలయ్య తన లారీకి తలంటు పోస్తున్నాడు. సాలూరు లారీ స్టాండులో అదేమీ వింత కాదు, అక్కడ మనుషులు స్నానం మానేసినా లారీలు మానవు. కాకపోతే ఆ రోజు లారీ వెళ్లవలసింది రాయపూరుకీ కాదు, జగదల్‌పూరుకీ కాదు. సరుకు ఎక్కించేదీ లేదు, దించేదీ లేదు. పక్కనున్న బొబ్బిలి మైదానంలో సాలూరు ఆడపిల్లల రగ్బీ జట్టు, ఊరూరా తిరిగి ఆడుతున్న కలకత్తా జట్టుతో ఆ మధ్యాహ్నం తలపడుతోంది. సాలూరు జట్టులో ఎనిమిదో నంబరు నీలం చొక్కా దాలయ్య కూతురు హేమది.

హేమ ఆడిన ఆట ఇంతవరకూ ఒక్కటీ దాలయ్య చూడలేదు. ప్రతిసారీ వస్తానని మాట ఇచ్చేవాడు. ప్రతిసారీ ఏ ఘాట్‌రోడ్డులోనో టైరు పేలేది, లేకపోతే ఏ చెక్‌పోస్టులోనో లారీ నిలిచిపోయేది. "మళ్లీ ఆటకి తప్పకుండా వస్తానే తల్లీ" అని ఫోనులో చెప్పి చెప్పి ఆ మాట అతనికే రోత పుట్టింది. ఆ పొద్దున హేమ బ్యాగు భుజాన వేసుకుని వచ్చి లారీ పక్కన నిలబడింది.

"నాన్నా, ఇయాలైనా వస్తావా? రానంటే ఇప్పుడే సెప్పీ. ఇంకెప్పుడూ అడగను."

ఆ "ఇంకెప్పుడూ" అన్న మాట దాలయ్యకు గుండెల్లో గుచ్చుకుంది. చేతిలో బకెట్టు కింద పెట్టేశాడు.

"ఓలమ్మ, రాకపోడమేటే! నువ్వు గెలవాల, మొదటి దండ నీ మెళ్లో నానే ఎయ్యాల. ఎయ్యకపోతే మళ్లీ ఈ స్టీరింగు ముట్టుకోను, సూడు!"

"దండ సంగతి తరవాత. ముందు ఆట సూడు," అని హేమ జట్టు వ్యాను దగ్గరికి పరుగెత్తింది.

ఆట చూడాలంటే మనిషి వెళ్తే చాలు, బస్సు టిక్కెట్టుతో పోయేది. కానీ దాలయ్య అలా వెళ్లే రకం కాదు. లారీని పెళ్లికూతురిలా అలంకరించి, డప్పులు ఎక్కించి, దండలు పెట్టుకుని, గెలిచిన జట్టును అందులోనే సాలూరు తీసుకొచ్చి ఊరేగించాలని అతని పథకం. స్టాండులో వాళ్లందరికీ ముందే చెప్పేశాడు. సాయంత్రం రెండు జట్లకూ స్టాండులోనే భోజనాలు. జట్టుకు ఆట నేర్పే పద్మజ మేడమ్ కూడా సరేనంది. ఆవిడ కలకత్తా వాళ్లతో, "ఆట అయ్యాక సాలూరు లారీవాళ్లు వచ్చి మిమ్మల్ని భోజనానికి తీసుకెళ్తారు" అని హిందీలో చెప్పి ఉంచింది. ఆ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

బ్యానరు రాసే పని థామస్‌ది. థామస్ దాలయ్యకు చిన్ననాటి స్నేహితుడు, సాలూరు లారీలన్నిటికీ నంబర్లు రాసే పెయింటరు. చర్చిలో ఆరాధన ముగిశాక వస్తానన్నాడు. ఆరాధనలో జట్టు కోసం ప్రార్థన చేయమని పాస్టరుగారిని తనే అడిగాడు, ఆయన దీర్ఘంగా చేశారు. వచ్చాక "సాలూరు ఆడపులులకు స్వాగతం" అని రాసి ఊరుకుంటాడా? ప్రతి అక్షరానికీ వెనక నీడ వేశాడు. నీడకు అంచు వేశాడు.

"ఒరే, ఆట అయిపోతాదిరా బాబూ!"

"ఉండ్రా దాలీ. రంగు ఆరకుండా కట్టీసినామంటే అక్షరాలు కారిపోతాయి. నా పేరు పోద్ది."

ఆకాశం మబ్బు పట్టి ఉంది, రంగు ఆరదు. ఆరాక బయల్దేరితే రామభద్రపురం సంతలో గేదెలు అడ్డం. గేదెలు దాటితే రైలు గేటు అడ్డం. గేటు దగ్గర నిలబడి ఉండగా థామస్ ఫోను మోగింది. పద్మజ మేడమ్.

"గెలిసేసినామంట్రా! ఆఖర్న మన హేమే కాపాడిందంట!" అని థామస్ సీటులోనే ఎగిరాడు.

దాలయ్య స్టీరింగు మీద తల వాల్చేశాడు. సంతోషంతో ఏడుపూ వచ్చింది, చూడలేకపోయానని ఏడుపూ వచ్చింది, ఏది ఏదో అతనికే తెలియలేదు.

"ఊరుకోరా. ఎనకాల నిలబడి సూసీసినానని సెప్పు. జనంలో ఎవుడికి తెలుస్తాది? దండ మాత్రం నీదే మొదట."

ఆ మాట దాలయ్యకు నచ్చింది. రైలు వెళ్లింది, గేటు లేచింది, దానితోపాటే వానా దిగింది.

వాళ్లు మైదానం చేరేసరికి జనమంతా వానకు చెల్లాచెదురయ్యారు. అక్కడ ఆట మధ్యలోనే వాన మొదలైంది కాబట్టి మైదానం మడి చెక్కలా ఉంది. షెడ్డు కింద నీలం చొక్కాలు వేసుకున్న అమ్మాయిలు గుంపుగా నిలబడి ఉన్నారు. తల నుంచి కాలిదాకా ఎర్రమట్టి. ఎవరి మొహంలో ముక్కెక్కడో, బుగ్గెక్కడో దేవుడికే తెలియాలి. దాలయ్యకు ఆ బెంగ లేదు. నలభై అడుగుల దూరంలో వచ్చే లారీని మొహం చూసి గుర్తుపడతామా? నంబరు చూసి గుర్తుపడతాం. నీలం చొక్కా, వీపు మీద ఎనిమిది. మరింకేం కావాలి!

ఇక్కడొక సంగతి చెప్పాలి. రగ్బీ ఆడేవాళ్లు ఆట అయ్యాక స్నేహంగా అవతలి జట్టుతో చొక్కాలు మార్చుకుంటారు. ఎనిమిదో నంబరు ఎనిమిదో నంబరుతో, పదో నంబరు పదో నంబరుతో. అప్పటికి మార్చుకున్నారు కూడా. నీలం చొక్కాల్లో ఉన్నవాళ్లు కలకత్తా అమ్మాయిలు. ఎర్ర చొక్కాలు వేసుకున్న మన పిల్లలు వెనకాల కుళాయి దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు. ఈ ఆచారం దాలయ్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు. నంబరు ప్లేటు మార్చుకోవడం అతనికి తెలిసినంతలో పోలీసు కేసు.

వాన, కళ్లలో నీళ్లు, ముక్కు మీద మసక కళ్లద్దాలు. వెళ్లి ఎనిమిదో నంబరు మెడలో బంతిపూల దండ వేసి, "తల్లీ!" అన్నాడు. ఆ అమ్మాయి పేరు మౌసుమి, కలకత్తా జట్టు నాయకురాలు. ఓడిపోయిన మాకు దండలేమిటా అని ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత, పెద్దాయన ప్రేమగా వేశాడు కదా అని వంగి, వాళ్ల పద్ధతిలో అతని కాళ్లకు దండం పెట్టింది.

దాలయ్య కరిగి నీరైపోయాడు. హేమ పుట్టాక తన కాళ్లకు దండం పెట్టడం ఇదే మొదటిసారి.

"సూసినావురా థామసూ? గెలిసినా ఎంత వినయమో నా గుంటకి, నా కూతురికి!"

"కాసింత ఒల్లు సేసినట్టున్నాదిరా."

"ఆట ఆడితే కండ పట్టదేటి? దిష్టి ఎట్టకు!"

తక్కినవాళ్లకూ దండలు పడ్డాయి. డప్పులు మోగాయి. భోజనానికి బండి వస్తుందని మేడమ్ ముందే చెప్పింది కదా, కలకత్తా పిల్లలు చకచకా లారీ ఎక్కి డప్పులకు చిందెయ్యడం మొదలుపెట్టారు. దాలయ్య, థామస్ ముందు క్యాబినులో కూర్చున్నారు. లారీ కదిలేసరికి అద్దంలో, ఎర్ర చొక్కా వేసుకున్న అమ్మాయి ఒకతె చేతులు ఊపుకుంటూ వానలో వెంట పరుగెత్తుకు రావడం కనిపించింది.

"పాపం, ఓడిపోయినా ఎంత మంచి గుంటలో సూడరా. టాటా సెప్తన్నాది," అన్నాడు దాలయ్య. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తనూ ఊపాడు. ఆ అమ్మాయి నిలబడిపోయింది. ఆ తర్వాత దాలయ్య జేబులో ఫోను మోగుతూనే ఉంది. డప్పుల్లో అతనికి వినబడలేదు.

సాలూరులో స్టాండు నిండా జనం. టపాకాయలు తడిసి సగమే పేలాయి, అయినా ఈలలకు లోటు లేదు. రగ్బీ అంటే కబడ్డీకి బంతి ఇవ్వడమని నమ్మేవాళ్లు కూడా "మనోలు గెలిసేసినారు!" అని గెంతుతున్నారు. దాలయ్య భార్య ఈశ్వరి ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని ముందు వరసలో నిలబడింది. జనం మైకు తెచ్చి దాలయ్య చేతిలో పెట్టారు. ఆట ఎలా జరిగిందో చెప్పమన్నారు.

చూడలేదని ఎలా చెబుతాడు? దాలయ్య లారీ మీదికెక్కి, మౌసుమిని పక్కన నిలబెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"బాబూ! బంతి నా కూతురు సేతికి సిక్కింది. సిక్కిందా, మరింక ఆగలేదు. లోడు లారీ ఘాటు దిగినట్టు దిగిపోనాది! బ్రేకుల్లేవు, హారనూ లేదు! అడ్డమొచ్చినోల్లని గుద్దీసి, ఆల్ల మీద నుంచెల్లి బంతిని అవతల ఎట్టీసినాది!"

జనం ఈలలు వేశారు. మౌసుమికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా నవ్వి, దండం పెట్టింది. అంతలో వెనక కలకత్తా వాళ్ల బస్సు వచ్చి ఆగింది. ఎర్ర చొక్కాలు దిగాయి. "ఏడవకండమ్మా, వచ్చే ఏడు గెలుద్దురుగాని. ముందు కడుపునిండా తినండి," అని స్టాండువాళ్లు సాయంత్రపు మసకలో చొక్కాల రంగే చూసి, పెద్దమనసుతో దారి ఇచ్చారు.

దిష్టి తియ్యడానికి లారీ ఎక్కిన ఈశ్వరి, పిల్ల మొహాన మట్టి చూసి ఉండబట్టలేక చీర చెంగుతో తుడిచింది. తుడిచి, ఇంకొంచెం తుడిచి, ఆగిపోయింది.

"ఏటయ్యా, ఇది మన హేమ కాదు."

"నీ కళ్లు మండ! నంబరు సూడే!"

"నంబరు నాను కన్నానేటి? పిల్లని కన్నాను. ఇది మన పిల్ల కాదు!"

ఈలలు ఆగిపోయాయి. కింద నుంచి ఒక ఎర్ర చొక్కా చెయ్యి ఎత్తింది.

"నాన్నా, నేనిక్కడున్నాను. ఆ బంతి పట్టుకుని పరుగెత్తింది నేను కాదు, ఆ మౌసుమే. నేను ఎనకనుంచి దాని కాళ్లు పట్టుకుని పడేసాను. అందుకే గెలిచాం. ఆట బాగా సూసినావు నాన్నా!"

థామస్ తల పట్టుకున్నాడు. "ఒరే దాలీ, ఓడిపోయినోల్లని ఊరేగించీసినామురా!"

దాలయ్య మొహంలో రక్తం లేదు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది, అది తీయాలన్న స్పృహ కూడా లేదు. అతను కూతురితో చెప్పిన మాట మెయిన్ రోడ్డంతా విన్నది.

"నాను ఆట సూడలేదే తల్లీ. రైలు గేటు కాడే ఉండిపోనాను. ఆట ఎలాగూ పోయింది, మొదటి దండైనా నీకేద్దామని వొచ్చినాను. అదీ పరాయి ఊరి పిల్లకి పోయింది. నువ్వు పరిగెత్తుకొస్తుంటే టాటా అనుకున్నానే! ఇంక నువ్వడగవు. అడక్కు. నాకు తగదు."

హేమ ఏదో అనబోయి తండ్రి మొహం చూసింది. అంత పెద్ద మనిషి కళ్లద్దాలు తీసి ఉత్త చేత్తో కళ్లు తుడుచుకుంటుంటే ఆమె కోపం ఎంతసేపు నిలుస్తుంది? పెదవి కొరుక్కుంది, ఆగలేక ఫక్కున నవ్వింది.

ఈలోపు థామస్ మైకు లాక్కున్నాడు. "ఏటలగ సూస్తన్నారు? ఊరికొచ్చిన సుట్టానికే కదేటి ముందు దండ! మనింటి పిల్లకి మనమెప్పుడైనా ఏసుకోవచ్చు. సాలూరు మరియాద ఇది! కొట్టండి డప్పులు!"

డప్పులు కొట్టారు. పద్మజ మేడమ్ ఆ మాటను హిందీలోకి మార్చి చెప్పింది. మౌసుమి కళ్లు చెమర్చాయి. వెళ్లిన ఊళ్లన్నిటా గెలిచినా ఓడినా బస్సెక్కి పోవడమే తెలుసు గాని, ఓడిపోయినవాళ్లను లారీ మీద ఊరేగించిన ఊరు ఇంకెక్కడా చూడలేదనీ, వచ్చే ఏడు ఓడిపోవడానికైనా సరే మళ్లీ సాలూరే వస్తామనీ చెప్పింది. ఓడిపోవడానికి రావడమేమిటని స్టాండువాళ్లు కాసేపు ఆలోచించి, గట్టిగా చప్పట్లు కొట్టారు.

అంతా బాగానే ఉంది గాని హేమకు వేయడానికి ఒక్క దండ మిగల్లేదు. మౌసుమి తన దండ తీయబోతే దాలయ్య వద్దన్నాడు. చుట్టాలకు వేసింది తీసుకోవడమేమిటి? లారీ దిగి, బానెట్టు మీద పొద్దున పూజ చేసి కట్టిన దండ విప్పాడు. ఇన్నేళ్లలో ఏ గవర్నమెంటు ఆఫీసరు వచ్చినా లారీ దండ విప్పి ఎరుగడు. దానికి వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయలతో సహా తెచ్చి కూతురి మెడలో వేశాడు.

"మిరపకాయలేటి నాన్నా!"

"ఉండనీ. నీకు దిష్టి సాలా తగులుతాది."

హేమ మిరపకాయల్ని చేత్తో పక్కకు జరుపుకుంది. తండ్రి చొక్కాకు అంటిన మట్టి దులిపింది.

"వచ్చే నెల ఆమదాలవలసలో ఆట ఉంది. వస్తావా?"

ఇంకెప్పుడూ అడగనన్న పిల్ల అడిగింది. దాలయ్య తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు.

"లారీ కడగనే తల్లీ. దండలూ తేను. బేగి లేసి రైలెక్కి వొచ్చీస్తాను."

ఆ రాత్రి రెండు జట్లూ ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నాయి. మర్నాడు పొద్దున్న రాయపూరు లోడుకు బయల్దేరినప్పుడు దాలయ్య స్టాండులో తన లారీ నంబరు చదివి ఊరుకోలేదు, చుట్టూ ఒకసారి తిరిగి దాని మొహం కూడా చూసుకుని ఎక్కాడు.