'కుదరదు' అనడం నేర్పబడును

ఆఫీసులో ఆయనకున్న పేరు సరేగారు. ఎవరు ఏ పని తెచ్చి బల్ల మీద పడేసినా "సరే" అంటారు కాబట్టి, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ ఉదయం సరేగారి పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఎనిమిదిన్నర బస్సు ఎక్కాలి, సంచీ అడుగున దాచిన కాగితం మీద సంతకం పెట్టి సాయంత్రంలోగా జనరల్ మేనేజరు చేతికివ్వాలి. ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో కంపెనీ కొత్త గోడౌను కట్టింది. మూడేళ్లపాటు అక్కడ పనిచేయడం తనకు ఇష్టమేనని ఆ కాగితంలో ఉంది. నిజానికి ఇష్టం ఇసుమంతైనా లేదు. లేదని పైవాళ్లకు చెప్పడం చేతకాలేదు. వెళ్తున్నానని ఇంట్లో చెప్పడమూ చేతకాలేదు.

సగం మొహం నురగలో ఉండగా ఫోను గొల్లుమంది. నాలుగు వేల మంది ఉన్న కంపెనీలో పక్క గదివాడికి ఏం వచ్చో ఎవరికీ తెలియడం లేదని యాజమాన్యం ఈమధ్యే ఒక యాప్ పెట్టించింది. ఎవరికొచ్చిన విద్య వాళ్లు అందులో రాయాలి, కావలసినవాళ్లు వెతుక్కుంటూ వెళ్లి నేర్చుకోవాలి. తొమ్మిదింటికి గడువు అయిపోతుందని ఆఖరి హెచ్చరిక.

"ఏమోయ్, కాస్త ఆ ఫారం నింపి పడెయ్యవూ? నా చేతులు తడి."

భోజనం డబ్బా సంచీలో సర్ది వచ్చిన భార్య ఫోను అందుకుంది. "'మీరు ఇతరులకు నేర్పగలిగినది' అంటోందండీ. ఏం రాయను?"

"నీకు తెలియందేముంది? తోచింది రాసెయ్."

ఆవిడ ఒకసారి సంచీ వైపు, ఒకసారి వంటగది కుళాయి వైపు చూసింది. పదకొండేళ్లుగా ఆ కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. బాగుచేయించమన్న ప్రతిసారీ ఆయన మొహం చేటంత చేసుకుని, "తప్పకుండా! భలే గుర్తు చేశావు. ఇంతకీ ఏ రకం బాగుంటుందో నాలుగిళ్లలో కనుక్కోకూడదూ?" అంటారు. పని చెప్పడానికి వెళ్లిన మనిషి పని నెత్తినేసుకుని తిరిగొస్తుంది. పోనీ కోప్పడదామంటే సందు దొరికితే ఒట్టు.

ఆవిడ శ్రద్ధగా రాసింది: 'ఎదుటివాళ్లకు కోపం రాకుండా కుదరదని చెప్పడం. అనుభవం: పదకొండేళ్లు.'

ఆఫీసు గేటు దగ్గర కాపలాదారు సలాం కొట్టి వదల్లేదు. "సార్, మా బావమరిది మా ఇంటికొచ్చి నెలైంది. ఇంక కుదరదని ఎలా చెప్పాలి సార్?" లిఫ్టులో ఇద్దరు ఇంజినీర్లు చెరో చెయ్యీ పట్టుకున్నారు. సీటు దగ్గర పదిహేడు మంది వరసకట్టి ఉన్నారు. ఫోనులో ఇంకో అరవై మూడు మంది సమయం అడుగుతున్నారు.

సరేగారు మెట్ల మూలకు పోయి ఇంటికి ఫోను చేశారు. "ఏం రాశావే తల్లీ?"

"ఉన్నదే రాశానండీ. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఉంటా."

పరుగున సిబ్బంది విభాగం అధికారిణి దగ్గరకు వెళ్లారు. "మేడమ్, నా పేరు తీసెయ్యండి."

"మూడు నెలల దాకా తీయడం కుదరదండీ," అందావిడ. వెంటనే నోటుపుస్తకం తెరిచింది. "చూశారా, నేను కుదరదంటే మీ మొహం ఎలా మాడిందో! ఇదే మాట మీరైతే ఎలా అంటారు? అందరికీ కలిపి మూడింటికి పెద్ద హాల్లో పెట్టేస్తాను. సరేనా?"

"సరే," అన్నారు సరేగారు.

మూడింటికి హాల్లో రెండొందల మంది. ముందు వరసలో జనరల్ మేనేజరు. సరేగారు గొంతు సవరించుకునేలోగా ఆయనే లేచారు.

"మాటలెందుకండీ, చేసి చూపించండి. మిమ్మల్ని గోడౌనుకు వెళ్లమంటున్నాను. ఏదీ, నాకు కోపం రాకుండా కుదరదనండి!"

హాలంతా నవ్వింది. సరేగారికి 'సరే' నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఎందుకో వంటగది కుళాయి చప్పుడు చెవిలో టప్పుమంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పకుండా సార్! ఇంతమందిలో నన్ను గుర్తుపెట్టుకున్నారు. ఇంతకీ ఇక్కడి నా పనులు ఎవరెవరికి అప్పగించాలో ఒక పట్టిక వేయించకూడదూ? అది చూసుకుని బయల్దేరతాను."

"న్యాయమే," అని జనరల్ మేనేజరు వెనక్కి తిరిగారు. "ఎవరు వేస్తారు?"

రవాణా విభాగాధిపతికి చెమటలు పట్టాయి. "ఈయన పోతే నా నెలవారీ రిపోర్టు ఎవరు రాస్తారండీ?"

"నీదొక్కటేనా? నాది?" అని కొనుగోళ్లాయన నోరుజారాడు. వెనక నుంచి ఇంకో అయిదారు గొంతులు "మరి మాది?" అన్నాయి.

"సరే, పట్టిక వచ్చాకే బదిలీ," అన్నారు జనరల్ మేనేజరు. చప్పట్లు మారుమోగాక గానీ, అడిగింది జరగలేదనీ, తనకు కోపమూ రాలేదనీ ఆయనకు వెలగలేదు. రెండొందల మంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడానికీ లేదు. ఇక పట్టిక సంగతంటారా, ఆ కంపెనీలో అలాంటివి వేసేది ఒక్క సరేగారే.

గుండెల మీంచి గోడౌనంత బరువు దిగిపోగా, సరేగారు ఈల వేసుకుంటూ ఇల్లు చేరి కుర్చీలో వాలారు. "వేడిగా కాఫీ ఇస్తావా?"

"సంచీలో కాగితం మీద సంతకం పెట్టారా?"

ఈల ఆగింది. "నీకెలా తెలుసే?"

"డబ్బా సర్దుతుంటే చేతికి తగిలింది. ఫారం ఆ తర్వాతేగా నింపాను."

"అమ్మ దొంగా!" సరేగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "పెట్టలేదు. ఎక్కడికీ పోవడం లేదు. ఇప్పుడైనా కాఫీ..."

ఆవిడ కళ్లొత్తుకుని, మొహం చేటంత చేసుకుంది. "తప్పకుండా! భలే గుర్తు చేశారు. ఇంతకీ కుళాయికి ఏ రకం బాగుంటుందో నాలుగు కొట్లలో కనుక్కుని రాకూడదూ?"

కాఫీ గంటన్నర ఆలస్యమైంది గానీ, పదకొండేళ్లకు కుళాయి నోరు మూసుకుంది.