ఎడమ కాలికి పని లేని బండి

ఆ గురువారం బాలేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పది గంటలకు తండ్రి గౌరయ్యను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని శామీర్‌పేట నుంచి మేడ్చల్ రోడ్డులోని కార్ల షోరూముకు వెళ్లాలి. అక్కడ సేల్స్‌మన్ హేమచంద్ చేతులు నలుపుకుంటూ, గేర్ల కారు స్టాకు లేదు, ఆటోమేటిక్ ఒక్కటే మిగిలింది అని చెప్పాలి. బాలేష్ కాసేపు బాధ నటించి, సరే ఏం చేస్తాం అని ఆ ఆటోమేటిక్‌నే బుక్ చేయాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. ఇంతే.

కారు విషయంలో గొడవ లేదు. ఎర్రటి చిన్న కారు, వెనక ఓ రెక్క, కింద రెండు పొగ గొట్టాలు, ఆగి ఉన్నా ఉరుకుతున్నట్టు కనిపించే మొహం. ఫోనులో వీడియో చూసి ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. గొడవంతా గేర్ల దగ్గర వచ్చింది. గౌరయ్య ముప్పై ఏళ్లు కరీంనగర్ రోడ్డు మీద లారీ నడిపిన మనిషి. ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. "గేర్ మార్సెటోడు డ్రైవర్. మార్సనోడు ప్యాసింజర్. గంతే" అనేవాడు. కొడుకు స్కూటీని ఆయన ఏనాడూ బండి అని పిలవలేదు, "గా డబ్బా" అనేవాడు.

బాలేష్ రహస్యం ఏమిటంటే, అతనికి గేర్లు రావు. ప్రయత్నించక కాదు. తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీలో డ్యూటీ దిగాక, ఇంట్లో ఓవర్‌టైమని చెప్పి, నెల రోజులు అలియాబాద్‌లో డ్రైవింగ్ నేర్చుకున్నాడు. క్లచ్ వదిలితే కారు కప్పలా గెంతేది, వదలకపోతే నిలబడి ఏడ్చేది. ఆఖరి రోజున నేర్పే మాస్టారు చెమట తుడుచుకుని, "సార్, మీకు ఎడమ కాలొకటి ఉన్నదని మీకింకా ఎర్కలేదు" అన్నాడు. ముప్పై ఆరేళ్ల కొడుకు ఈ సంగతి లారీ డ్రైవరైన తండ్రికి ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? చెబితే ఇక జన్మంతా ప్యాసింజరే. అందుకే ఈ పథకం. తండ్రి మరీ మొండికేస్తే, "సుస్మిత నడపాలె గదా నాయినా, ఆమెకు సులువుంటది" అని భార్య పేరు అడ్డం పెట్టే ఏర్పాటు కూడా ఉంది. మేడ్చల్‌లో బడిపంతులమ్మగా పనిచేస్తున్న సుస్మితకు మాత్రం ఈ ఏర్పాటు గురించి ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు బాలేష్ పెరట్లోకి వెళ్లి హేమచంద్‌కు ఫోన్ చేసి, పథకం మరోసారి గుర్తు చేశాడు. "తమ్మీ, మాన్యువల్ నాతోని కాదు. నెల రోజులు కొట్లాడిన. ఇగ ఇడ్సిపెట్టిన. ఆటోనే తీస్కుంట. నాయినకు మాత్రం ఎర్క గావద్దు. ఆడికొచ్చినంక నువ్వే ఎట్లనో గట్ల సముదాయించు."

గోడ అవతల అతని తల్లి దుర్గాబాయి గోంగూర తెంపుతోంది. పక్కనే బోరు మోటారు మోగుతోంది. ఆ మోటారు ఎంత పాపిష్టిదంటే, అంత పొడుగు మాటల్లో 'మాన్యువల్' అనే ఒక్క ముక్కనే మింగి, మిగతాదంతా ఆమె చెవిలో వేసింది.

దుర్గాబాయి చేతిలో గోంగూర కట్ట అలాగే ఉండిపోయింది. నెల రోజులుగా కొడుకు మొహం వేలాడేసుకుని ఇంటికొస్తున్నాడు. ఓవర్‌టైమంటాడు, అన్నం సరిగా తినడు. ఇప్పుడు తనతో కాదంటున్నాడు, ఇడిచిపెట్టానంటున్నాడు. నౌకరీ కాక ఇంకేం ఇడిచిపెడతాడు? ఇక ఆటో అంటే ఆమె ఎరిగిన లోకంలో ఒక్కటే. మూడు చక్రాలది, ముందు ఒకడు, వెనక ఏడుగురు. కొడుకును నిలదీద్దామంటే గౌరయ్య అప్పటికే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆయనకు తెలియకూడదని కొడుకే అన్నాడాయె. స్కూటీ వెళ్లిపోయాక ఆ తల్లి అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

పక్కింటి శంకరమ్మ పరుగున వచ్చింది. "ఏమైందక్కా?"

"ఏం జెప్పాలె శంకరమ్మా. నా కొడుకు నౌకరి ఇడ్సిపెట్టిండే. ఆటో నడుపుతడట. వాళ్ల నాయినకు కారని జెప్పి తోల్కపోయిండు."

"ఓసి, గిదేనా? పరేషాన్ గాకు. మా అల్లుడు లేడా?"

శంకరమ్మ అల్లుడు వీరభద్రం శామీర్‌పేట చౌరస్తాలో ఆటో స్టాండుకు అధ్యక్షుడు. మంచివాడు. మంచివాళ్లతోనే ఇలాంటి చిక్కులు వస్తాయి, చెడ్డవాడైతే విని ఊరుకునేవాడు. స్టాండు తరఫున అర్జీలు రాయడానికి చదువుకున్న మనిషి కోసం వీరభద్రం మూడేళ్లుగా వెతుకుతున్నాడు. డిగ్రీ పాసైన బాలేష్ తనంతట తానే వస్తున్నాడంటే అతని ఆనందానికి హద్దు లేకపోయింది. "అత్తా, కొత్తోళ్లకు షోరూమోళ్లు ఏదో ఒకటి అంటగడ్తరు. మనం జల్దీ పోవాలె" అని బంతిపూల దండ కొన్నాడు. తనకోసం కుట్టించుకున్న కొత్త ఖాకీ చొక్కా సంచిలో పెట్టాడు. దుర్గాబాయినీ అత్తనూ ఎక్కించుకుని మూడు ఆటోలతో బయల్దేరాడు.

దారిలో దుర్గాబాయి కోడలికి ఫోన్ చేసింది. "బిడ్డా, గుండె దిటవు జేస్కో. మీ ఆయన నౌకరి ఇడ్సిపెట్టిండు."

సుస్మిత నమ్మలేదు. కంపెనీకి ఫోన్ చేసింది. "బాలేష్ సారు ఇయ్యాల రాలేదు మేడం" అన్నారు అక్కడివాళ్లు. సెలవు పెట్టినవాడు రాడు కదా, కానీ కంగారులో ఉన్న మనిషికి ఆ మాట ఎలా వినబడాలో అలాగే వినబడింది. సుస్మితకు ఏడుపొచ్చింది. నౌకరీ పోయినందుకు కాదు, అతను తనతో ఒక్క మాట చెప్పనందుకు. ఆటోలు బడి గేటు ముందు ఆగేసరికి చేతికి సుద్దపొడితోనే ఎక్కి కూర్చుంది.

అక్కడ షోరూములో పథకం వచ్చీ రాగానే బెడిసింది. "గేర్లది స్టాకు లేదు కాకా" అని హేమచంద్ అప్పజెప్పినట్టే అన్నాడు. గౌరయ్య అతని భుజం మీదుగా వేలు చూపించాడు. "గదేంది మరి?" అద్దాల వెనక, తెల్లవారగానే లారీలోంచి దిగిన ఎర్ర కారు తళతళ మెరుస్తోంది. లోపల గేరు రాడ్డు కూడా ఇక్కడికే కనబడుతోంది.

"అది... వేరేటోళ్లు బుక్ జేసిండ్రు కాకా."

"జేస్తే జెయ్యనీ. నడిపి సూద్దాం. అరే బాలేష్, తియ్యి బండి. నీ చెయ్యి ఎట్లుందో నేను గూడ సూస్త."

బాలేష్ ఎడమ కాలు, ఇన్నాళ్లూ తన ఉనికిని తెలియజేయని ఆ కాలు, గజగజ వణకడం మొదలుపెట్టింది. హేమచంద్ కుర్రవాడైనా సమయానికి తెలివైనవాడు. "కాకా, ముందుగాల ఆటోమేటిక్ ఒక్క చక్కర్ నడుపుండ్రి. నచ్చకపోతే నన్ను తిట్టుండ్రి" అని ముసలాయన్ని దాదాపు ఎత్తుకెళ్లి కారులో కూర్చోబెట్టాడు. "తిట్టుడు పక్కా" అంటూనే గౌరయ్య సర్వీసు రోడ్డెక్కాడు. బాలేష్ గుక్కెడు నీళ్లు తాగి ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా అప్పుడే మూడు ఆటోలు హారన్లు కొట్టుకుంటూ షోరూము ముందు ఆగాయి.

ఏం జరుగుతోందో తెలిసేలోగా అతని మెడలో దండ పడింది. తల్లి ఒక పక్కన పట్టుకుని ఏడుస్తోంది. సుస్మిత సుద్దపొడి చేతులు కట్టుకుని చూస్తోంది. వీరభద్రం అతని చొక్కా పైనే ఖాకీ చొక్కా తొడిగేశాడు.

"అమ్మా, ఏందిది?"

"నౌకరి పోతే పోయింది కొడుకా. నాతోని జెప్తే ఏమైతుండె?"

"నౌకరి ఎందుకు పోతది?"

"ఆటో తీస్కుంటున్నవంట గదా?"

"తీస్కుంటున్న. గని గా ఆటో గాదమ్మా. గేర్లు లేని ఆటో."

వీరభద్రం నవ్వాడు. "గేర్లు లేని ఆటో ఏడుంటది తమ్మీ? నాలుగుంటయి." తర్వాత అతని మొహం వెలిగింది. "ఓహో, బ్యాటరీదా? మస్తుంటది. గని చార్జింగ్‌కు పరేషాన్ అయితవ్."

"బ్యాటరీది గాదన్నా!"

"మరి గ్యాస్‌దా?"

బాలేష్ నోరు తెరిచేసరికి గౌరయ్య నడుపుతున్న ఎర్ర ఆటోమేటిక్ కారు వచ్చి ఆగింది. గౌరయ్య దిగి దండను, ఖాకీ చొక్కాను, ఆటోలను వరసగా చూశాడు. ఇక దాచి లాభం లేదనుకుని దుర్గాబాయే అసలు సంగతి, అంటే అసలు కాని సంగతి, ఏడుస్తూ చెప్పేసింది. అందరూ ముసలాయన కేకలకు చెవులు మూసుకోవడానికి సిద్ధపడ్డారు.

గౌరయ్య కేకలు వేయలేదు. కొడుకు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నౌకరి ఇడ్సి స్టీరింగ్ పట్టినవారా?" అంటూ రెండో చేత్తో దండ సరిచేశాడు. "కంపెనీల గోళీలు లెక్కవెట్టుకుంట బతుకుతాండని అనుకున్న. నా నెత్తురేరా నువ్వు. ఏదీ, నడుపు, నేను ఎన్క కూసుంట."

ముప్పై ఆరేళ్లలో ఆ చెయ్యి తన భుజం మీద పడటం అదే మొదటిసారి. బాలేష్‌కు కళ్లు తడిశాయి. ఒక్క మాట చాలు, నిజం చెప్పేయవచ్చు. కానీ ఆ చెయ్యి భుజం మీది నుంచి జారిపోతుందే! మనిషి అన్నవాడు ఇలాంటి చోటనే బుద్ధి పోగొట్టుకుంటాడు. అతను వెళ్లి ఆటో ఎక్కి కూర్చున్నాడు. ఎడమ కాలి బాధ తప్పిందనుకున్నాడు. ఆటోకు క్లచ్చు, గేరూ రెండూ ఎడమ చేతిలోనే ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఆటో మొదట మూలిగింది. తర్వాత ఆగింది. తర్వాత గెంతింది. షోరూము ముందు ఎవరో కొత్త కారు ఇంటికి తీసుకెళ్లడానికి పూల తోరణం కట్టించారు, చక్రాల కింద పెట్టేందుకు నిమ్మకాయలు పేర్చారు. ఆటో ఆ నిమ్మకాయలను వరసగా తొక్కి, తోరణాన్ని నెత్తిన వేసుకుని, 'అభినందనలు' అని రాసిన బోర్డు కింద చక్కగా వెళ్లి నిలబడింది. షోరూము ఫొటోగ్రాఫర్ అలవాటు కొద్దీ ఫొటో తీశాడు. పూల కింద దండతో బాలేష్, వెనక సీటులో కడ్డీ పట్టుకుని గౌరయ్య.

"నాయినా, నాకు గేర్లు రావు" అన్నాడు బాలేష్, వెనక్కి తిరగకుండానే. "నెల రోజులు దొంగతనంగ నేర్సుకున్న, రాలే. నౌకరి ఇడ్వలే. గేర్లు లేని కారు తీస్కుందామనుకున్న. నీకు జెప్పనీకి సిగ్గైంది. నువ్వు గట్టిగ అడిగితే సుస్మిత కోసమని జెప్దామనుకున్న."

"నా కోసమా?" సుస్మిత ముందుకొచ్చింది. "నేను మా తల్లిగారింట్ల, నాగారంల, పదో తరగతప్పుడే మా బాపు ట్రాక్టర్ తోలిన. నన్ను ఒక్కమాటన్న అడిగినవా? జరుగు." అతను జరిగాడు. "అన్నా, రివర్స్ ఏడున్నది?" అని వీరభద్రాన్ని అడిగింది. అతను చూపించాడు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఒక్క పువ్వు కూడా అదనంగా రాలకుండా, ఆటోను వెనక్కి తీసి రోడ్డు వారగా నిలిపింది. వీరభద్రం ఆమెను చూసిన చూపులో, చొక్కా పొరపాటున వేరే మనిషికి తొడిగానన్న బాధ కనిపించింది.

గౌరయ్య దిగాడు. బాలేష్ తల దించుకుని తిట్ల కోసం నిలబడ్డాడు. ఎంతసేపటికీ రాకపోతే తలెత్తి చూశాడు. తండ్రి పిడికిలి బిగించి ఉంది. అందులో ఆటోమేటిక్ కారు తాళం చెవి ఉంది. హేమచంద్ అడగడానికి రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు.

"ముప్పై ఏండ్లు తొక్కినరా క్లచ్చి" అన్నాడు గౌరయ్య మెల్లగా. "ఎడమ మోకాలు పోయి రెండేండ్లయింది. మెట్టు ఎక్కితే పానం పోతది. గీ బండిల ఎడమ కాలుకు పనే లేదు. మడిసి పెట్టుకొని కూసున్న. రాజాలెక్క ఉన్నది." ఆయన గొంతు తగ్గించాడు. "మోకాలు సంగతి మీ అమ్మకు జెప్పకు."

"రోజూ నూనె రాసేది ఎవలు మరి?" అంది దుర్గాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

ఆటోమేటిక్ కారే ఇంటికొచ్చింది. దాని తాళం చెవి గౌరయ్య మొలతాడుకు చేరింది. పొద్దున్నే ఆయన ఎడమ కాలు సీటు మీద మడిచిపెట్టుకుని, కోడలిని మేడ్చల్ బడి దగ్గర దింపి, అక్కడే తీరిగ్గా చాయ్ తాగి వస్తాడు. గేరు మార్చని వాడిని ఏమంటారని ఈమధ్య ఎవరైనా అడిగితే, "సార్ అంటరు" అని చెబుతున్నాడు. కొత్త కారు ఎండలో పెట్టొద్దని స్కూటీని కొట్టంలోంచి బయటికి తోసి, ఆనక ఎవరికో ఇచ్చేశారు. తుర్కపల్లి దారి వేరు కాబట్టి బాలేష్ ఎనిమిదింటికల్లా చౌరస్తాలో నిలబడి వీరభద్రం కోసం చూస్తుంటాడు.

మొత్తానికి అతను తల్లి విన్నట్టే ఆటో తీసుకుంటున్నాడు, అదీ రోజుకు రెండుసార్లు.