డెలిన్ టింగీ ఎదిగిన విధం

యూటా ఎడారిలో మొండి పిల్లలను బాగుచేసే ఎర్రకొండ యువ వికాస సంస్థ ఆ వసంతంలో ఒక ప్రకటన విడుదల చేసింది. సంస్థలో మార్గదర్శకులుగా చేరిన ప్రతివారికీ ఆరు వారాల్లో వ్యక్తిత్వ వికాసం కలుగుతుందని అందులో హామీ ఇచ్చారు. పిల్లలకు ఏమి కలుగుతుందో అడుగున చిన్న అక్షరాల్లో వేశారు.

ఆ ప్రకటన చూసి చేరినవారిలో డెలిన్ టింగీ ఒకతె. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. అంతకుముందు రెండు చలికాలాలు మంచుకొండ మీద జారేవాళ్ళకు బూట్లు అద్దెకిచ్చింది. మనుషులను పాదాల వరకే చూసి విసుగెత్తి, పూర్తిగా చూద్దామని వచ్చింది. ఇంటర్వ్యూలో డైరెక్టరు మార్విన్ క్రాఫ్ట్ ఆమెను నిప్పు రాజేయడం వచ్చా, నీళ్ళ జాడ తెలుసా అని అడగలేదు. “నీలో ఎంతమంది ఉన్నారు?” అని అడిగాడు. డెలిన్ కాసేపు ఆలోచించి ఇద్దరని చెప్పింది. ఆరు వారాల్లో ఒకరిని తీసేస్తామని ఆయన అభయమిచ్చి, అక్కడికక్కడే ఉద్యోగమిచ్చాడు.

శిక్షణ నాలుగు రోజులు. మొదటి మూడు రోజులు ఊపిరి పీల్చడం నేర్పారు. నాలుగో రోజు ఫారాలు నింపడం నేర్పారు. ప్రథమ చికిత్స ఐదో రోజున ఉంటుందని శిక్షణ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది.

ఆమెకు అప్పగించిన బృందంలో ఏడుగురు ఆడపిల్లలు. అందరూ ఘోరమైన స్థితిలో ఉన్నవారే. ఒకతె తలుపులు ధడాలున వేసేది. ఒకతె తండ్రి రెండో పెళ్ళికి రానంది. రోవన్ ఆష్‌బర్న్ అనే పదహారేళ్ళ పిల్ల సంగతి మరీ దారుణం. బడి ఎలా ఉందని తల్లిదండ్రులు అడిగితే పదకొండు నెలలపాటు ఏకధాటిగా “బాగానే ఉంది” అంటూ వచ్చింది. కలవారు కనుక నిపుణులకు చూపించి, కనెక్టికట్ నుంచి రెండువేల మైళ్ళ దూరం పంపి, వీపున మూట కట్టి, ఎండలో నడిపించే ఏర్పాటు చేశారు.

పిల్లలకు గడియారాలు ఉండవు. ఎన్నాళ్ళుండాలో చెప్పరు. తెలిస్తే ఆశ పుడుతుంది, ఆశ పుడితే చికిత్స పనిచేయదు. ఉడికీ ఉడకని పప్పు, అన్నం రేకు గిన్నెలో తిని, టార్పాలిన్ కింద పడుకుని, మర్నాడు మళ్ళీ నడుస్తారు. సాయంత్రాలు డెలిన్ తన ఎదుగుదల ఫారం నింపేది. అందులో రెండే ప్రశ్నలు: ఈరోజు పిల్లలు ఏమి అడిగారు? దానికి మీరు ఎంతవరకు చలించకుండా ఉన్నారు?

ఆమెతో పాటు ఆ బృందానికి కిప్ అనే మరో మార్గదర్శకుడు ఉన్నాడు. ఆరేళ్ళ అనుభవం. ఎవరు ఏడ్చినా ఆయన చెంచాతో గిన్నె గీకడం ఆపడు. సంస్థ మొత్తంలో అంత ఎత్తుకు ఎదిగినవారు లేరని చెప్పుకునేవారు.

మూడో వారం, మంగళవారం మధ్యాహ్నం, రోవన్ కడుపు నొప్పి అంది. పుస్తకం ప్రకారం నొప్పి అంటే ఇంటికి పోవడానికి మనసు వేసే ఎత్తు. దానికి అనవలసిన మాట కూడా అచ్చువేసి ఉంది. డెలిన్ ఆ మాటే అంది.

“ఆ నొప్పి నీకేం నేర్పుతోందో అడుగు.”

“అడిగాను. కుడివైపు కింద ఉన్నానంటోంది,” అంది రోవన్.

డెలిన్ నిబంధన ప్రకారం రేడియోలో డైరెక్టరుకు చెప్పింది. చల్లని గదిలో కూర్చున్న క్రాఫ్ట్ గొంతు గంభీరంగా వినిపించింది. “ఇది ఆ పిల్లకు పెట్టిన పరీక్ష కాదు డెలిన్, నీకు పెట్టింది. ఇక్కడ నువ్వు నిలబడితే ఇక జీవితంలో నిన్నెవరూ కదిలించలేరు. నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంది.”

బూట్ల కౌంటరు దగ్గర ఆమెను చూసి ఎవరూ గర్వపడలేదు. ఆ మాట డెలిన్‌కు నచ్చింది. నచ్చిందన్న సంగతి మాత్రం ఆమె చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. ఆ పూట రోవన్ మూడుసార్లు అడిగింది. డెలిన్ మూడుసార్లూ చలించలేదు. ఫారంలో ఆ మేరకు రాసి సంతకం పెట్టింది.

బుధవారం ఉదయం రోవన్ ఏమీ అడగలేదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. మౌనం అంగీకారానికి చిహ్నమని పుస్తకంలో ఉంది కనుక కిప్ డెలిన్‌కు అభినందనలు తెలిపాడు. డెలిన్‌కు ఎందుకో ఆ అభినందన మింగుడుపడలేదు. వెళ్ళి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. పిల్లలను తాకాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. నుదురు కాలిపోతోంది.

రోవన్ కళ్ళు తెరిచింది. “ఇంక అడగన్లే డెలిన్. నువ్వు ఎదుగు.”

వెటకారంగా అని ఉంటే డెలిన్ తట్టుకునేదే, దానికి అనవలసిన మాట పుస్తకంలో ఉంది. ఆ పిల్ల మామూలుగా, దారి అడిగినవాళ్ళకు దారి చెప్పినట్టు అంది. డెలిన్ రేడియో అందుకుంది. శుక్రవారం మానసిక నిపుణురాలు వస్తుందని, అంతవరకూ ఊపిరి మీద దృష్టి పెట్టమని క్రాఫ్ట్ చెప్పాడు. డెలిన్ ఆయన మాట పూర్తి కాకుండానే రేడియోను ఒక రాయి మీద పెట్టి, పిల్లను లేవదీసింది.

“చూడమ్మాయ్, ఇప్పుడు గానీ వెళ్ళావంటే మూడు వారాల పని మట్టిలో కలుస్తుంది,” అన్నాడు కిప్.

“ఎవరి పని?”

“నీదే,” అని, ఆయన ఆమె బయల్దేరిన సమయం ఫారంలో రాసుకున్నాడు.

కంకర రోడ్డు నాలుగు మైళ్ళ దూరంలో ఉంది. మొదటి మైలు రోవన్ నడిచింది. తర్వాత డెలిన్ మోసింది. రాళ్ళలో రెండుసార్లు పడింది, రెండుసార్లూ పిల్ల కింద తాను పడేలా చూసుకుంది. ఎట్టకేలకు రోడ్డెక్కితే, గొర్రెలు కాసే ముసలాయన ఒకడు ట్రక్కులో వస్తూ కనిపించాడు. ఆయన ఎక్కడా శిక్షణ పొందినవాడు కాదు. అందువల్ల పిల్లను చూడగానే జబ్బు చేసిందనుకున్నాడు. ఎక్కించమన్నాడు. దారిలో ఇంకేమీ అడగలేదు.

ఆసుపత్రిలో వెంటనే ఆపరేషను చేశారు. అపెండిక్స్ అప్పటికే పగిలింది. ఇంకొక పూట ఆగితే పిల్ల దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. నిన్న మధ్యాహ్నమని డెలిన్ చెప్పింది. మరి అప్పటినుంచీ ఏమి చేస్తున్నారని అడిగింది. డెలిన్ దగ్గర దానికి సమాధానం ఉంది, సంతకంతో సహా ఉంది. వరండాలో బల్ల మీద కూర్చుని, మోకాళ్ళ నెత్తురు ఆరిపోయేదాకా ఏడ్చింది.

తల్లి శ్రీమతి ఆష్‌బర్న్ విమానంలో దిగింది. రోవన్ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏడాది తర్వాత కూతురు తనను ముట్టుకోవడం అదే మొదలని తల్లి కన్నీళ్ళు పెట్టుకుని, ఇదంతా చికిత్స మహిమేనని క్రాఫ్ట్‌కు కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆసుపత్రిలో పోయిన రోజులను చివర్లో కలుపుతారా అని అడిగింది. ఆరు వారాలు పిల్లను నడిపించడానికి వీల్లేదని డాక్టరమ్మ గట్టిగా రాసివ్వడం వల్ల సంస్థ విచారంతో రోవన్‌ను ముందుగానే ఉత్తీర్ణురాలిని చేసి, నొప్పిని జయించినట్టు ధ్రువపత్రం ఇచ్చి ఇంటికి పంపింది.

డెలిన్‌కు కూడా కాగితం వచ్చింది. ఆమె ఎదుగుదల సంపూర్ణమైనందున ఇక సంస్థ నేర్పగలిగింది ఏమీ లేదని అందులో ఉంది. జరిగినదాని గురించి ఎవరితోనూ మాట్లాడకూడదని ఒక షరతు కూడా ఉంది. డెలిన్ ఆ షరతు చదివి, నేరుగా స్థానిక పత్రిక ఆఫీసుకు వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. తాను మూడుసార్లు కాదన్న సంగతి ముందు చెప్పింది. పత్రిక ఒక్క ముక్క వదలకుండా అచ్చువేసింది: ఎండ, పప్పు, నొప్పి, రేడియో, ఫారం, అన్నీ.

ఆ దెబ్బతో సంస్థ మూతపడుతుందని ఆమె అనుకుంది. వారం తిరిగేసరికి దరఖాస్తులు రెట్టింపయ్యాయి. అక్కడ పిల్లల మాట నిజంగానే వినరని ఇంతకాలం ప్రచారమే తప్ప రుజువు లేదు.

డెలిన్ తిరిగి బూట్ల కౌంటరుకు వెళ్ళింది. ఇప్పుడు బూటు ఇస్తూ ఎక్కడైనా నొక్కుతోందా అని అడుగుతుంది, లేదన్నా ఇంకోసారి అడుగుతుంది. ఒకరోజు ఒక తల్లి పత్రికలో పేరు చూసి, వెతికి పట్టుకుని ఫోను చేసింది. కొడుక్కి పదిహేనేళ్ళట. మాట్లాడడట. ఆ సంస్థలో చోటు ఇప్పించగలరా అని అడిగింది.

“అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడండీ?” అంది డెలిన్.

“పక్క గదిలోనే. తలుపేసుకుని.”

“తలుపు తట్టి చూశారా?”

ఆ తల్లి గొంతు తగ్గించి, మర్యాదగా అడిగింది.

“ఆ తట్టేందుకు మీ దగ్గర మనుషులెవరైనా ఉన్నారాండీ?”