ఒక్క బటన్ సోమలింగం

ఆ రోజు గొడవ మూత దగ్గర మొదలైంది.

బిస్కెట్లు పోసుకునే పొడుగాటి డబ్బా మూత కనిపించలేదు. డబ్బా ఉంది, బిస్కెట్లు ఉన్నాయి, మూత లేదు. మూత లేకపోతే బిస్కెట్లు పూట తిరిగేసరికి మెత్తబడిపోతాయి, వాళ్ళమ్మ ముందు మా ఆయనలాగా.

“ఏవండీ, డబ్బా మూత చూశారా?”

“ఏ డబ్బా?” అన్నారు బాల్కనీలోంచి.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. ఏది అడిగినా “చూళ్ళేదు” అనేస్తారు. అలాంటి మనిషి ‘ఏ డబ్బా’ అని ఆరా తీశారంటే ఆ డబ్బాతో ఏదో సంబంధం ఉన్నట్టే.

“పొడుగాటిది. బిస్కెట్లది.”

“దానికి మూత ఉండేదా?”

“లేకపోతే ఇన్నేళ్ళూ గిన్నె బోర్లించానా?”

“ఒక్క మూత కోసం పొద్దున్నే ఇంత రాద్ధాంతమా? పది కొనిస్తాను.”

“పది వద్దు. ఆ ఒక్కటీ ఇప్పించండి చాలు.”

హాల్లో పేపరు చదువుతున్న మా అత్తగారు పేపరు దించకుండానే, “అమ్మాయ్, ముందు వాడి చేతులు చూడు,” అన్నారు. ఆవిడ రిటైరైన పంతులమ్మ. బెంచీ కింద ఏం జరుగుతోందో బోర్డు వైపు తిరిగి ఉండి కూడా చెప్పగలరు.

వెళ్ళి చూద్దును కదా, మా ఆయన కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, నా మూతను రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, దానివైపే తదేకంగా చూస్తూ బొటనవేళ్ళు ఆడిస్తున్నారు. మూతకు ఆ చివరొకటి, ఈ చివరొకటి సీసా మూతలు అంటించారు. మూతకు మళ్ళీ మూతలు. లాక్కుని తిప్పి చూస్తే వెనక నా చెంచాలు టేపుతో కట్టేసి ఉన్నాయి. కొన్నాళ్ళుగా చెంచాలు తక్కువ పడుతుంటే నా కళ్ళనే అనుమానించుకుంటున్నాను.

“చెంచాలెందుకండీ?”

“బరువు సరిపోవద్దూ?” అన్నారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయన ఒక కొత్త వస్తువుకు ఆర్డరిచ్చారు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటరట. అది ఇంకా రాలేదు. వచ్చేలోగా పట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నారు.

“ఇంట్లో ఒక కంప్యూటరుందిగా?”

“ఇది పేరుకే కంప్యూటరోయ్. ఆ బాధలేవీ ఉండవు. పాతవాటిని నిద్రలేపితే అవి ఒళ్ళు విరుచుకుని, ఆవలించి, నాకు అప్‌డేట్ కావాలని మారాం చేసి, చీమంత గుర్తుల మీద మనచేత వేలు పెట్టించేవి. ఇది అలా కాదు. టీవీకి తగిలించే గేము పెట్టె ఉంటుంది చూడు, అచ్చం అలా. ఒక్క బటన్ నొక్కితే నేరుగా ఆటే. మధ్యలో ఏమీ ఉండదు.”

“నొక్కితే చాలని మీ లిఫ్టుల గురించి కూడా అంటారు. మధ్యలో ఆగిపోయినవాళ్ళేగా మీకు ఫోన్లు చేసేది?”

మా ఆయన లిఫ్టుల కంపెనీలో సర్వీసు మేనేజరు. ఆ మాట అంటే ఆయనకు నచ్చదు. నచ్చదని నాకూ తెలుసు.

“ధరెంత?” అన్నాను.

ఆయనకు దగ్గొచ్చింది.

ధర సంగతి అలా ఉంచండి. నాకు భయం వేరే. మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. రాత్రి వంట నాది, భోజనాలయ్యాక గిన్నెలు ఆయనవి. ఆయన గిన్నెలు తోముతున్నంతసేపూ నేను సోఫా మూలన కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. ఫాను గాలి ఆ మూలకే తగులుతుంది. చార్జింగు పెట్టుకునే ప్లగ్గూ అక్కడే ఉంది. రోజు మొత్తం మీద నాదీ అని చెప్పుకోదగ్గ గంట అదొక్కటే. మూత పట్టుకుని కూర్చున్న మనిషి కళ్ళు మాటిమాటికీ ఆ మూలకు పోతున్నాయి.

ఆ తర్వాత ఇంటికి పొట్లాలు రావడం మొదలైంది. వస్తువు కాదు, దాని బంధువర్గం. ముందు దాని సంచీ వచ్చింది. వెనకే దాని అద్దానికి అంటించే అద్దం, అది కూర్చోవడానికి పీట, దాని మొహం తుడవడానికి పట్టులాంటి గుడ్డ వచ్చాయి. మా ఆయన ఖాళీ సంచీ జిప్పు తీయడం, లోపలికి చూసి నవ్వుకోవడం, మళ్ళీ వేయడం. ఆఫీసుకు వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి.

అత్తగారు చూసి చూసి, “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం,” అన్నారు.

ఆ రోజు నుంచి దానికి మా ఇంట్లో సోమలింగమే పేరు. మా ఆయన కూడా మొదట రెండుసార్లు అలిగి, మూడోసారి “సోమలింగం బయల్దేరాడట” అని ఫోను చూస్తూ మురిసిపోయారు.

ఒప్పందం మార్చాలంటే మా ఇంట్లో అత్తగారి మాట కావాలి. ఆవిడ మాట సంపాదించడానికి మా ఆయన వేసిన ఎత్తు వినండి.

అత్తగారికి కొంతకాలంగా చేతివేళ్ళు బిగుసుకుపోతున్నాయి. పిడికిలి మూసుకోదు. వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. ఆవిడ దాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.

“అమ్మా, సోమలింగాన్ని తెప్పిస్తున్నది నీ వేళ్ళ కోసమే,” అన్నారు మా ఆయన, ఆవిడ పక్కన చేరి.

“నా వేళ్ళకు వాడెందుకురా?”

“బొటనవేలు తిప్పాలి, చూపుడువేలు నొక్కాలి. అది ఆట కాదమ్మా, వైద్యం. నువ్వు రోజూ ఓ అయిదు నిమిషాలు నొక్కు. తర్వాత పాపం అది ఖాళీగా ఉంటుంది కదా, భోజనాలయ్యాక ఓ గంట నేను చూసుకుంటాను.”

“గిన్నెలో?” అన్నాను.

“గిన్నెలెక్కడికి పోతాయి? పొద్దున దాకా ఉంటాయి.”

“నాకు అవన్నీ రావురా,” అన్నారు అత్తగారు.

“ఒక్క బటనమ్మా. మధ్యలో ఏమీ ఉండదు.”

అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. “సరే, రానీ. డాక్టరమ్మ నా వేళ్ళు చూసి మంచిదే అంటే అప్పుడు చూద్దాం గిన్నెల సంగతి.”

మా ఆయన నావైపు చూసిన చూపు ఎన్నికల్లో గెలిచినవాళ్ళు చూసే చూపు.

సోమలింగం వచ్చిన రోజు ఆయన ఆఫీసుకు జ్వరమని చెప్పారు. అబద్ధమని కూడా అనలేం. ఆ మొహం మీద చెయ్యి వేస్తే కాలేలా ఉంది. పెట్టెకు దిష్టి తగులుతుందన్నంత నెమ్మదిగా విప్పారు. మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టారు.

“చూడండి. ఒక్క బటన్.”

నొక్కారు.

అది మా భాషేమిటని అడిగింది. చెప్పారు. ఏ దేశమని అడిగింది. చెప్పారు. ఇంట్లో నెట్టుందా అంది, ఉందన్నారు. నువ్వెవరంది. ఎవరో చెప్పారు. నువ్వే అని రుజువేమిటంది. పాస్‌వర్డు కొట్టారు. కాదంది. ఇంకొకటి కొట్టారు. అదీ కాదంది.

“మధ్యలో ఏమీ ఉండదన్నావు,” అన్నారు అత్తగారు.

“ఇది మధ్యలో కాదమ్మా, మొదట్లో.”

చివరికి పాస్‌వర్డు ఒప్పుకుంది. ఒప్పుకుని, అప్‌డేట్ కావాలంది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. అది తిరుగుతోంది, మేం చూస్తున్నాం. నేను లేచి కూర తరిగి వచ్చాను. తిరుగుతోంది. పొయ్యి మీద పెట్టి వచ్చాను. ఆగి, నల్లబడి, మళ్ళీ వెలిగి, మొదటినుంచి తిరగడం మొదలుపెట్టింది.

“లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందండీ?” అన్నాను.

ఆయన జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఊళ్ళో ఒక పెద్ద భవనంలో నిజం లిఫ్టే రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఉన్నది ఆ భవనం ఓనరే. జ్వరమున్నా, ఏమున్నా రావాల్సిందేనట.

మా ఆయన చొక్కా తొడుక్కుంటూ చక్రాన్ని చూశారు, బొత్తాలు పెట్టుకుంటూ చూశారు, గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఒంటికాలి మీద నిలబడి చూశారు. “దాన్నెవరూ ముట్టుకోకండి,” అని వెళ్ళిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగి ఉంటారో లేదో, చక్రం ఆగిపోయింది. తెర వెలిగింది. బొమ్మలు వరసగా నిలబడ్డాయి. అక్షరాలా ఆయన చెప్పినట్టే ఉంది. మధ్యలో ఏమీ లేదు.

“ముట్టుకోవద్దన్నారు అత్తయ్యా.”

“నా వేళ్ళ కోసమే కదా తెచ్చాడు,” అని ఆవిడ ఒళ్ళో పెట్టుకున్నారు.

మొదటి బొమ్మలో కత్తి పట్టుకున్న వీరుడు, చుట్టూ రాక్షసులు. అది మా ఆయన కలలుగన్న ఆట. అత్తగారు దాటేశారు. “రాక్షసులతో నాకు పనిలేదమ్మాయ్. ముప్ఫై ఏళ్ళు ఎనిమిదో తరగతికి చెప్పాను.”

చివర్న, దాంతోపాటు ఊరికే వచ్చిన ఆట ఒకటుంది. లారీ నడపడం. సరుకు ఎక్కించుకోవాలి, రోడ్డు మీద పోవాలి, దింపాలి. అంతే.

అత్తగారికి బండి నడపడం రాదు. నేర్పమంటే మామగారు “నీకెందుకు, నేనున్నాగా” అనేవారట. ఆయన పోయాక కొడుకూ అదే మాట అన్నాడు. ఆవిడ తెర మీది లారీని ఒక నిమిషం అలా చూశారు. తర్వాత ఒక్క బటన్ నొక్కారు.

ఎంత పద్ధతిగా నడిపారనుకున్నారు. ఖాళీ రోడ్డు మీద కూడా మలుపు ముందు సిగ్నలు వేశారు. లారీ కుడికి తిరిగితే ఆవిడా కుడికి ఒరిగారు, పక్కన కూర్చున్న పాపానికి నేనూ ఒరిగాను. వెనక కార్లు హారన్లు కొడితే, “తొందరున్నవాళ్ళు ఇంటి దగ్గర పెందలాడే బయల్దేరాలి,” అన్నారు.

సాయంత్రం మా ఆయన గ్రీజు చేతులతో వచ్చేసరికి సోఫా మూలన, ఫాను కింద, ప్లగ్గు పక్కన అత్తగారున్నారు.

“అమ్మా, అది…”

“ఉండరా, వెనక్కి తీస్తున్నాను. తగులుతుంది.”

“ఒక్కసారి ఇవ్వమ్మా.”

“లోడు దింపి ఇస్తా.”

లారీలో లోడు దిగితే ఇంకో లోడు ఎక్కుతుందని మా ఆయనకు తెలియదు. గిన్నెలన్నీ తోమి, తుడిచి, తుడిచినవాటినే మళ్ళీ తుడిచినా ఆవిడ ఇంకా దారిలోనే ఉన్నారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆయన చార్జరు బీరువాలో దాచారు. క్లాసులో దాచిన వస్తువులు వెతికి తీయడం ఆవిడకు ఉద్యోగంలో భాగం. కళ్ళు పాడవుతాయని చెప్పారు. అద్దానికి అంటించే అద్దం తెచ్చింది కళ్ళ కోసమేనని నువ్వే అన్నావుగా అన్నారావిడ. బరువు ఎక్కువ, చేతులు నొప్పెడతాయని చెప్పారు. నాలుగు చెంచాల బరువేగా అన్నారు.

ఇక డాక్టరమ్మే దిక్కని మా ఆయన నిర్ణయించుకున్నారు. ఏనాడూ తల్లి వెంట అక్కడికి రాని మనిషి, ఆ రోజు ముందుగా చెప్పులేసుకుని నిలబడ్డారు. డాక్టరమ్మ ఇంకా కూర్చోకముందే అందుకున్నారు.

“ఎక్కువగా నొక్కడం వేళ్ళకు మంచిది కాదు కదండీ? మీరొక్క మాట చెబితే అమ్మ వింటుంది.”

“చెయ్యి ఇవ్వండమ్మా,” అంది డాక్టరమ్మ.

అత్తగారు చెయ్యి చాపి, మెల్లగా పిడికిలి మూశారు. నిండుగా మూసుకుంది. డాక్టరమ్మ తెరిపించి మళ్ళీ మూయించింది. మళ్ళీ మూసుకుంది. రెండో చెయ్యీ చూసింది.

“బంతితో బాగా చేస్తున్నారన్నమాట.”

“బంతి కిటికీ దగ్గరుంది. నేను లారీ తోలుతున్నాను.”

అంతా విన్నాక డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “మానకండి. బంతంటే మీరు పట్టుకోరు, ఇదైతే వదలరు. రోజూ రెండు పూటలా, భోజనం తర్వాత, అరగంట చాలు. ఈ ఉపాయం ఎవరికొచ్చింది?”

“మా అబ్బాయికే,” అన్నారు అత్తగారు, కొడుకు భుజం మీద చెయ్యి వేసి. “నా వేళ్ళ కోసమని తెప్పించాడు.”

“ఇలాంటి కొడుకులు ఎంతమందికుంటారండీ,” అంది డాక్టరమ్మ.

మా ఆయన ఇలాంటి కొడుకులా నవ్వారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు, హాజరు వేసేముందు క్లాసును చూసినట్టు మా ఇద్దర్నీ చూశారు.

“వినండి. డాక్టరమ్మ చెప్పింది కాబట్టి సోమలింగం రెండు పూటలా భోజనాలయ్యాక నా దగ్గరుంటాడు. వాడికి గాలి తగలాలి, ప్లగ్గు కావాలి కాబట్టి సోఫా మూలనే కూర్చుంటాను. అమ్మాయి నా పక్కన కాళ్ళు చాపుకుంటుంది, చోటు సరిపోతుంది. గిన్నెల ఒప్పందం ఉన్నది ఉన్నట్టే.”

“డాక్టరమ్మ అరగంటే అంది,” అన్నారు మా ఆయన. “తర్వాత నాకివ్వచ్చుగా?”

“తర్వాత అమ్మాయిది. దాని లారీ మధ్యాహ్నం నుంచి సగం దారిలో ఆగి ఉంది. చేపల లోడు.”

ఆయన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి నావైపు తిరిగారు. “నువ్వు కూడానా?”

నేను కూర వడ్డించడంలో మునిగిపోయాను. “ఏం చెయ్యనండీ. ఒక్క బటనే. మధ్యలో ఏమీ లేదు.”

ఆయన తల పళ్ళెంలోకి వంగిపోయింది. బొటనవేళ్ళు రెండూ బల్ల అంచు మీద వాటంతటవే ఆడుతున్నాయి. అత్తగారికి కూడా జాలేసినట్టుంది.

“పాపం, వాడి మూత వాడికిచ్చెయ్ అమ్మాయ్.”

“గిన్నెలయ్యాక ఇస్తాను అత్తయ్యా,” అన్నాను. “చెంచాలు మాత్రం ఇవ్వను.”