పోయింది ఒకటి, దొరికినవి రెండు

ఆ రోజు మెకానిక్ చీఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున కొత్త యుద్ధవిమానం మొట్టమొదటిసారి ఓడ మీద నుంచి ఎగురుతుంది, తిరిగొచ్చి ఓడ మీదే దిగుతుంది. ఆ తర్వాత సరుకుల విమానం ఒడ్డుకు బయల్దేరుతుంది. అందులో ఆయన ఇంటికి పోతాడు. పెద్దకూతురికి నెలలు నిండాయి. తన పిల్లలు పుట్టినప్పుడు ఆయన నడిసముద్రంలో ఉన్నాడు. అందుకే భార్య ఫోన్లో తేల్చి చెప్పేసింది: "ఈసారి కూడా రాకపోతే ఆ ఓడతోనే కాపురం చేసుకోండి. నా గడప తొక్కద్దు."

లేవగానే స్నానం చేసి, ఉన్న బట్టలన్నీ సంచిలో కుక్కి, సంచిని సరుకుల విమానంలోకి ఎక్కించేశాడు. ఒంటి మీద మిగిలిన ఒక్క ఇస్త్రీ చొక్కాతో డెక్కు మీదికెళ్ళి కొత్త విమానం చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ఓడలో చోటు తక్కువ కనుక రెక్కలు మడుచుకుని నిలబడే విమానం అది. గాలిలో పోరాడాలన్నా, నేల మీద బాంబు వేయాలన్నా, నిఘా పెట్టాలన్నా అదే. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి లాంటిది, ఏ పనికీ ఇంకొకరిని పిలవరు. దాన్ని తయారుచేసేసరికి కంపెనీ ఇంజనీరుకు నెత్తి మీద వెంట్రుక మిగల్లేదు. ఓడ ఎక్కిన దగ్గర్నుంచీ గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతున్నాడు.

చీఫ్ కిందికి దిగొచ్చి టీ తాగుతూ చొక్కా వైపు చూసుకున్నాడు. పైనుంచి మూడో గుండీ లేదు.

ఊళ్ళో గుండీ పోతే పోయింది గుండీయే. విమానవాహక నౌక మీద అలా కాదు. జెట్ ఇంజిను ఎదుటనున్న గాలినంతా లోపలికి లాక్కుంటుంది. డెక్కు మీద చిన్న మేకు పడి ఉన్నా గాలితోపాటు మింగేస్తుంది, లోపలంతా ముక్కలు ముక్కలవుతుంది. అందుకే ఏ వస్తువు పోయినా ఆ క్షణమే చెప్పాలి, దొరికేదాకా ఒక్క విమానం కదలకూడదు. ఈ పాఠం ఓడలో అందరికీ చెవినిల్లు కట్టుకుని చెప్పింది సాక్షాత్తూ చీఫే. డెక్కు ఎక్కేవాళ్ళ జేబులూ గుండీలూ తనిఖీ చేసేదీ ఆయనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

చెబితే వెతుకులాట. వెతుకులాట సాగితే ఇవాళ ఇంటికి విమానం లేదు. "పక్క మీదే పడుంటుందిలే" అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. పక్క దులిపాడు, లేదు. మెట్లన్నీ చూశాడు, లేదు. ఇక లాండ్రీవాడి దగ్గరికి పరిగెత్తాడు.

"బాబ్బాబు, ఒక్క గుండీ కుట్టిపెట్టు. ఎందుకని మాత్రం అడక్కు."

"గుండీలెక్కడివండీ? ఎప్పుడో అయిపోయాయి."

"నీకు పుణ్యముంటుందయ్యా!"

లాండ్రీవాడికి జాలేసింది. ఇస్త్రీ అయిన చొక్కాల్లో చేతికందిన దాని నుంచి ఒక గుండీ కోసి చీఫ్ చొక్కాకు కుట్టాడు. ఎవరి చొక్కానో చూసుకోలేదు.

అది ల్యాండింగ్ ఆఫీసరమ్మది. డెక్కు అంచున నిలబడి, దిగే విమానం కాస్త వంకరగా వచ్చినా, పైలట్ ఎంతటివాడైనా సరే, మొహమాటం లేకుండా తిప్పి పంపే మనిషి. ఆ చొక్కా మీద లైఫ్ జాకెట్ తగిలించుకుని గబగబా వచ్చింది. చీఫ్ తన కంగారులో ఆమెను తనిఖీ చేయకుండానే డెక్కు మీదికి పంపేశాడు.

కొత్త విమానం రెక్కలు విప్పుకుంది. ఇంజిను స్టార్ట్ చేయబోతుండగా జాకెట్ సర్దుకుంటున్న ఆఫీసరమ్మ చేతులు పైకెత్తి అరిచింది. "ఆపండి! నా చొక్కాకి గుండీ లేదు. ఇక్కడే పడిందేమో!"

"గుండీ కోసం ఆపుతారా? నా సగం జీవితం పెట్టానండీ దీని మీద!" అన్నాడు ఇంజనీరు ఏడుపుగొంతుతో. చీఫ్ మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

కెప్టెన్ ఆజ్ఞతో ఓడలో ఉన్నవాళ్ళంతా డెక్కు మీదికొచ్చి భుజం భుజం కలిపి, తలలు వంచుకుని, అంగుళం అంగుళం వెతుకుతూ నడవడం మొదలుపెట్టారు. తన రొమ్ము మీదున్న గుండీ కోసం చీఫ్ అందరికన్నా ముందు నడిచాడు. ఎండ ముదిరింది. సరుకుల విమానం పైలట్ వచ్చి, "ఇంకాస్సేపే చూస్తాను చీఫ్. చీకటి పడితే రేపే" అన్నాడు.

ఇక ఆగలేకపోయాడు. పక్కకు తిరిగి, గుండీ పుటుక్కున తెంపి, కింద పడేసి, వంగి తీసి, "దొరికింది!" అని అరిచాడు.

"నాకూ దొరికింది!" అని ముందు వైపు నుంచి ఇంజనీరు కేక పెట్టాడు. అది సరిగ్గా కొత్త విమానం ముక్కు కింద, డెక్కు గాడిలో ఇరుక్కుని ఉంది.

కెప్టెన్ రెండు గుండీలనూ అరచేతిలో పెట్టుకుని చూశాడు. "పోయింది ఒకటి, దొరికినవి రెండు. చీఫ్, అందరి చొక్కాలూ చూడు."

చీఫ్ చూశాడు. ఎంత నెమ్మదిగా చూసినా వరస అయిపోయింది. "ఆఫీసరమ్మగారిది తప్ప అందరివీ బాగానే ఉన్నాయి సార్."

"అందరివీనా?" అన్నాడు కెప్టెన్, ఆయన రొమ్ము వైపు చూస్తూ.

"నాదే సార్" అన్నాడు చీఫ్. "పొద్దున్నే తెలుసు. చెబితే ఇంటికి పోలేనని నోరు మూసుకున్నాను. అమ్మాయికి కాన్పు సార్."

ఇంజనీరు ఇంజిను నోటి వంక ఒకసారి, గాడి వంక ఒకసారి చూసి అక్కడే చతికిలబడ్డాడు. ఆ విమానం నడపాల్సిన కుర్ర పైలట్ కిందికి దిగొచ్చి చీఫ్ ముఖంలోకి చూశాడు. తిట్టినా బాగుండేది. చీఫ్ సిగ్గుతో చితికిపోయాడు.

"నా డెక్కు మీద నీకు చోటు లేదు" అన్నాడు కెప్టెన్. "నీ రెండు రోజుల సెలవు రద్దు. విచారణ అయ్యేదాకా, నెల్లాళ్ళు, ఈ ఓడ ఎక్కకు. ఆ సరుకుల విమానంలో పో!"

ఆఫీసరమ్మ మెల్లగా, "సార్, అది వాళ్ళింటికే కదా పోయేది?" అంది.

"శిక్ష శిక్షేనమ్మా" అన్నాడు కెప్టెన్.

కొత్త విమానం ఎగిరింది, తిరిగొచ్చింది, తోక కింది కొక్కేనికి డెక్కు మీద అడ్డంగా కట్టిన తీగ తగులుకుని ఠక్కున ఆగింది. సరుకుల విమానం చిన్న కిటికీలోంచి చూసి చీఫ్ కళ్ళు తుడుచుకున్నాడు. పొద్దుగూకే వేళకు ఆసుపత్రి చేరాడు. కాసేపటికి నర్సు తెచ్చి మనవరాలిని చేతుల్లో పెట్టింది. ఇన్నేళ్ళూ తను ఏం పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసింది ఆయనకు.

ఆ తర్వాత తల దించుకుని భార్యకు జరిగిందంతా చెప్పాడు. ఆమె అంతా విని, వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది.

"మన చిన్నమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. ఆ కెప్టెన్ గారికి బదిలీ కాకముందే ఇంకో తప్పేదో చూసి పెట్టుకోండి."